మన బతుకు మీద పెత్తనం ఎవరిది?

(స్టడీ సర్కిల్ పాఠం)

జూబ్లీహిల్స్ అనగానే మనకు గుర్తుకొచ్చేది సినిమా. ఫిల్మ్‌నగర్, స్టూడియోలు, నటుల ఇళ్లు, పుట్టినరోజు నాడు ఆ ఇళ్ల గేట్ల ముందు దండలు పట్టుకుని నిలబడే అభిమానులు. ఊరి నుంచి వచ్చిన మన చుట్టాలు కూడా చార్మినార్ చూశాక అటువైపే తీసుకుపొమ్మంటారు. అదే జూబ్లీహిల్స్‌లో, రోడ్ నెంబర్ 46లో, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. చిన్నప్పుడే బడి మానేసినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు అది తలుపు తెరిచింది. ఆ గేటు ముందు మాత్రం ఎవరూ ఫోటోలు దిగరు.

ఆ పరీక్షకు ఫారం నింపిన మనిషి సంగతి ఒకసారి ఆలోచించండి. ఇరవై ఏళ్ల కింద బడిలో ఎవరో "నీకు చదువు రాదు" అన్నారు. ఇంట్లో వాళ్లు అవునన్నారు. తనూ నమ్మాడు. ఆ మాటతోనే కూలికి పోయాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఒకరోజు ఎందుకో "ఈ మాట అన్నది ఎవరు? నేనెందుకు నమ్మాను?" అని అడుగుకున్నాడు. ఫారం నింపడం ఆ తర్వాతి పని. మన పాఠం ఆ ప్రశ్న గురించి.

పెత్తనం అనే మాట మనందరికీ తెలుసు. ఊళ్లో దొర పెత్తనం, ఇంట్లో పెద్దన్న పెత్తనం, హాస్టల్‌లో సీనియర్ల పెత్తనం. ఈ పెత్తనాలు కనబడతాయి కాబట్టి వాటితో పోట్లాడవచ్చు. కంటికి కనబడని పెత్తనం ఇంకొకటి ఉంది. అది మన లోపలే కూర్చుని మన గొంతుతోనే మాట్లాడుతుంది. "మన కులానికి ఇంతే", "మనకు ఇంగ్లీషు రాదు", "ఆడపిల్లకు అంత దూరం చదువెందుకు", "నా తలరాత ఇది". ఇవి ఎవరో మన చెవిలో వేసిన మాటలే. ఎంతకాలంగానో వింటున్నాం గనుక సొంత అభిప్రాయాల్లా అనిపిస్తాయి. పోట్లాడదామంటే ఎదురుగా మనిషి ఉండడు.

దీన్ని గుర్తుపట్టే పనినే పెద్దలు ఆత్మవిచారం అన్నారు. తెలుగులో ఈ మాటకు ఒక చిక్కుంది. విచారం అంటే మనకు దిగులు అనే అర్థమే ముందు వస్తుంది. విచారణ అంటే కోర్టు, పోలీస్ స్టేషన్ గుర్తుకొస్తాయి. ఆత్మవిచారంలో దిగులు పడాల్సింది ఏమీ లేదు. కోర్టు విచారణకు కాస్త దగ్గరే గానీ ఇక్కడ వాది, ప్రతివాది, సాక్షి, జడ్జి అందరూ మనమే. మనకు అనుకూలంగా తీర్పు రాసుకునే ప్రమాదం కూడా అందుకే ఎక్కువ.

ఆధ్యాత్మికం అనే మాట వినగానే మనలో కొందరు పేజీ తిప్పేస్తారు. ఇది పూజ గురించి కాదు. మన హాస్టల్‌లో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, అయ్యప్ప మాల వేసుకునేవాళ్లున్నారు, బుద్ధుడి ఫోటో పెట్టుకున్నవాళ్లున్నారు, ఏదీ నమ్మనివాళ్లూ ఉన్నారు. ఎవరి ప్రార్థన వారు చేసుకుంటూనే ఈ ప్రశ్న వేసుకోవచ్చు.

తెర మీది దేవుడు

మళ్లీ ఫిల్మ్‌నగర్ దగ్గరికి వద్దాం. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో తిరుపతి యాత్రకు వెళ్లిన జనం బస్సుల్లో అటునుంచి అటే మద్రాసు వెళ్లి ఎన్.టి. రామారావు ఇంటి ముందు నిలబడేవాళ్లని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కొండ మీద వేంకటేశ్వరుణ్ణి చూసి, కింద కృష్ణుణ్ణి కూడా చూసి ఇంటికి వెళ్లడం. నవ్వే ముందు కాస్త ఆలోచిద్దాం. 1957 నాటి 'మాయాబజార్'లో ఆ కృష్ణుడి మాటలు పింగళి నాగేంద్రరావువి. పాటలో గొంతు ఘంటసాలది. ఆ వెలుగు నీడలు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీవి. ఎలా నిలబడాలో, ఎప్పుడు నవ్వాలో చూసుకున్నది దర్శకుడు కె.వి. రెడ్డి. పెద్ద నటుడు కాబట్టి రామారావు వాటన్నిటినీ ఒక్క మనిషిగా నిలబెట్టాడు. జనం మొక్కింది ఆ కలయికకు. అందులో సగం జనం మనసులోనిదే. భక్తి వాళ్లు ఇంటి నుంచే తెచ్చుకున్నారు, తెర దానికి ముఖం ఇచ్చింది.

ఇప్పటికీ అంతే. ఫైటు డూప్ చేస్తాడు, దెబ్బలు అతనికే తగులుతాయి. చాలామంది హీరోయిన్లకు డబ్బింగ్ థియేటర్లో ఇంకొకరు గొంతు ఇస్తారు. తెర మీద పెదవి ఒకరిది, మాట ఇంకొకరిది. ఆ డూప్, ఆ జూనియర్ ఆర్టిస్టు, ఆ లైట్‌మన్ చాలావరకు కృష్ణానగర్, యూసఫ్‌గూడ గల్లీల్లో అద్దెకుంటారు. వాళ్ల ఇళ్ల ముందు దండలు ఉండవు. సినిమా చూడొద్దని మేము చెప్పడం లేదు. మేమూ చూస్తాం, ఈలలూ వేస్తాం. హీరో కటౌట్‌కు పాలు పోయడానికి కాస్మెటిక్ చార్జీల డబ్బు చందా వేసే తమ్ముడు, తన పెదవి మీద ఆడుతున్న మాట ఎవరిదో ఒకసారి చూసుకోవాలని మాత్రం అంటున్నాం. మన లోపల కూడా ఒక డబ్బింగ్ థియేటర్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది.

అదే 'మాయాబజార్'లో రెండు వస్తువులున్నాయి, చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకటి ప్రియదర్శిని పేటిక. ఎవరు తెరిస్తే వాళ్ల మనసుకు ఇష్టమైనది అందులో కనబడుతుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు, బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. కృష్ణుడికి మాత్రం శకుని కనబడతాడు. రెండోది సత్యపీఠం. దాని మీద ఎక్కినవాడు దాచుకున్న నిజం కక్కేస్తాడు. శకుని ఎక్కి మొత్తం గుట్టు బయటపెడతాడు. ఆత్మవిచారానికి ఇంతకంటే సులువైన బొమ్మ మాకు దొరకలేదు. నాకు నిజంగా కావలసింది ఏమిటని చూసుకోవడం ఒకటి, ఆ కోరిక వెనుక ఏ భయం, ఏ ఆశ దాక్కుందో చెప్పుకోవడం రెండోది. సినిమాలో శకునికి అది సత్యపీఠమని తెలియదు, మనం తెలిసే ఎక్కాలి.

మదనపల్లె కుర్రవాడు

ఎవరి మీదో ఆధారపడటం మానేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. తన మీద ఆధారపడ్డ వేలమందిని ఎదురుగా పెట్టుకుని, నా మీద కూడా వద్దు అన్నవాళ్లు అరుదు. అలా అన్నవాడు మన రాయలసీమ పిల్లవాడు కావడం వల్ల కాస్త వివరంగా చెప్పుకుందాం.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. పదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. మలేరియాతో బక్కచిక్కిన పిల్లవాడు, బడిలో మొద్దు అనిపించుకుని దెబ్బలు తిన్నవాడు. తండ్రి రిటైరయ్యాక 1909లో కుటుంబం మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణకు చేరింది. అక్కడి పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ ఈ పిల్లవాణ్ణి సముద్రపు ఒడ్డున చూసి, రాబోయే జగద్గురువు ఇతనే అన్నాడు. బడిలో మాస్టారు మొద్దు అన్నాడు, ఇక్కడ దొర జగద్గురువు అన్నాడు. రెండు సార్లూ కుర్రవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

1911లో అతని చుట్టూ ఒక సంఘం పెట్టారు. అనిబిసెంట్ అతన్నీ తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండు తీసుకెళ్లారు. తండ్రి తన పిల్లల్ని తనకిమ్మని 1912లో కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచాడు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1914లో బిసెంట్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ముఖ్యమైన కారణం ఒకటి మనకు పనికొస్తుంది. ఆ పిల్లల ఇష్టమేమిటో ఎవరూ కనుక్కోలేదు, కోర్టులో వాళ్ల తరఫున ఎవరూ లేరు అన్నారు. ఇందరు పెద్దలు ఒక కుర్రవాడి కోసం కొట్లాడుతుంటే, అతను ఏమనుకుంటున్నాడన్న ప్రశ్న కోర్టుల్లో చివరికి గానీ బలంగా రాలేదు.

తర్వాత 1925లో తమ్ముడు నిత్య క్షయతో కాలిఫోర్నియాలో చనిపోయాడు. అప్పుడు కృష్ణమూర్తి ఓడలో ఇండియాకు వస్తున్నాడు. పైలోకపు గురువులు నిత్యను కాపాడతారని అతనికి నమ్మకం ఇచ్చి ఉన్నారు. ఆ నమ్మకం ఓడలోనే విరిగిపోయింది. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు, అనిబిసెంట్ కూడా కూర్చుని ఉండగా, తన కోసం కట్టిన ఆ సంఘాన్ని తానే రద్దు చేశాడు. సత్యం దగ్గరికి ఎవరూ రోడ్డు వేసి ఇవ్వలేరనీ, తనకు శిష్యులు అక్కర్లేదనీ చెప్పాడు. మీరు వేరే సంఘం పెట్టుకుని ఇంకెవరి కోసమో ఎదురుచూడొచ్చు, దానితో నాకు పని లేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సంఘానికి వచ్చిన కోటను, వేల ఎకరాల భూమిని ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేశారు. మరుసటి ఏడాది దివ్యజ్ఞాన సమాజం నుంచి కూడా బయటికి వచ్చాడు. 1986 ఫిబ్రవరిలో చనిపోయే దాకా ఊరూరా తిరిగి ఇదే చెప్పాడు.

ఇక్కడ మా మాట కూడా చెప్పాలి. కృష్ణమూర్తికి తిండికీ బట్టకూ లోటు లేదు, ప్రపంచమంతా స్నేహితులు ఉన్నారు. అధికారాన్ని వదిలేయడం ఆయనకు కష్టమే అయినా, వదిలేశాక రేపు ఎలా అన్న భయం మన ఇళ్లలో ఉండేలాంటిది కాదు. పైగా ఎవరినీ నమ్మకండి అన్న ఆయన మాటనే వేదంలా నమ్మినవాళ్లు కూడా కొందరున్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఆయన ఆలోచనతో నడిచే బడి పేరున్నది, అయితే అందులో చదివేది ఎక్కువగా ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం వాళ్లు ఊరి బడులు నడుపుతున్నారన్నదీ నిజమే. మనిషి లోపలి భయాన్ని ఆయన చూపించినంత బాగా చూపించినవాళ్లు తక్కువ. మనిషిని బయటి నుంచి అణిచేసే కులం గురించి మాత్రం ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి.

1936, దాదర్

1935 అక్టోబర్ 13న యేవలాలో అంబేద్కర్, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించారు. ఆ తర్వాత జనం ఆయన్ని అడిగింది ఒకటే: మరి మేమేం చేయాలి? 1936 మే 31న బొంబాయి దాదర్‌లో మహర్ల మహాసభ జరిగింది. ఆయన ఒక్క మాట అంటే వేలమంది మారిపోయే సమయం అది. ఆయన చాలాసేపు కారణాలు చెప్పారు, లాభనష్టాలు చెప్పారు, తాను నిశ్చయించుకున్నది చెప్పారు. చివరికి, మీకు నేనేం సందేశం ఇవ్వాలని ఆలోచించాననీ, బుద్ధుడు తన అంత్యకాలంలో ఆనందుడికి చెప్పిందే గుర్తుకొచ్చిందనీ అన్నారు. నీకు నువ్వే దీపం, నీకు నువ్వే ఆసరా అన్నది ఆ బోధ సారాంశం. మీ వివేకాన్నే ఆశ్రయించండి అని ఆయన సభను ముగించారు.

నాయకుడి మీద అంత ప్రేమ ఉన్న జనానికి ఆ మాట చెప్పడం తేలిక కాదు. నన్ను అనుసరించండి అంటే చప్పట్లు ఎక్కువ వస్తాయి.

తర్వాత ఆయన తొందరపడలేదు. యేవలా నుంచి నాగపూర్‌కు 21 ఏళ్లు పట్టింది. చదివారు, మతాలను పోల్చారు, వాదించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో భార్య సవితతో కలిసి భిక్షువు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకున్నారు. తర్వాత, మారదలచుకున్నవాళ్లు లేచి నిలబడమని అడిగి, లక్షలాది జనంతో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ ప్రతిజ్ఞల్లో ఎక్కువ భాగం 'నేను' అనే మొదలవుతాయి. అంతమంది ఒకేసారి పలికినా ఎవరి 'నేను' వారిదే. అంటే ఎవరి బాధ్యత వారిదే. రెండు నెలలు తిరగకుండానే, డిసెంబర్ 6న, ఆయన కన్నుమూశారు.

రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న కూడా ఆయన ఇదే హెచ్చరిక ఇంకో రూపంలో చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చునేమో గానీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందని. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. మనలో చాలామందికి అది చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది, తప్పేమీ లేదు. ఏప్రిల్ 14న దండ వేసి ఆయన పుస్తకం ఒక్కటీ తెరవకపోతే మాత్రం, ఆయన వద్దన్న పనే ఆయనకు చేస్తున్నట్టు.

నా ఇష్టం అంటే సరిపోతుందా?

ఎవరి మాటా వినక్కర్లేదు, నా ఇష్టమొచ్చినట్టు చేస్తాను అనుకోవడం పెత్తనం తిరిగి తీసుకోవడమేనా? కాదు. ఇష్టం కూడా డబ్బింగ్ అయి ఉండవచ్చు. ఈ బూటు కావాలి, ఈ ఫోన్ కావాలి అన్న ఇష్టాన్ని ప్రకటన తయారు చేసింది. ఫలానా కులంవాడితో మాట్లాడను అన్న ఇష్టాన్ని పగ తయారు చేసింది. నాకు కాలేజీ వద్దు అన్న ఇష్టాన్ని చాలాసార్లు భయం తయారు చేస్తుంది.

బుద్ధుడు కేసపుత్తం అనే ఊరికి వెళ్లినప్పుడు అక్కడి కాలాములు ఒక గోడు చెప్పుకున్నారు. ఇక్కడికి వచ్చే ప్రతి గురువూ తనదే నిజం అంటాడు, మిగతావాళ్లను తిడతాడు, మేము ఎవరిని నమ్మాలి? బుద్ధుడు తననే నమ్మమనలేదు. పదిమంది అంటున్నారనీ, పాత ఆచారమనీ, గ్రంథంలో ఉందనీ, తర్కానికి నిలుస్తుందనీ, చెప్పేవాడు గొప్పవాడనీ, మా గురువనీ ఒప్పుకోవద్దన్నాడు. అంతటితో వదిలేస్తే నా ఇష్టం అనే దగ్గరే ఆగిపోయేది. ఇంకో అడుగు వేశాడు. మనిషిలో లోభం, ద్వేషం, మోహం పుడితే అతనికి మేలా, కీడా అని వాళ్లనే అడిగాడు. కీడే అన్నారు. ఏది ఆచరిస్తే కీడు కలుగుతుందో, తెలివైనవాళ్లు దేన్ని తప్పుపడతారో మీకే తెలిసినప్పుడు దాన్ని వదలండి, మేలు చేసేదాన్ని పట్టుకోండి అన్నాడు. కాబట్టి పరీక్ష మనదే గానీ ప్రశ్నపత్రంలో పక్కవాడి మేలు కూడా ఉంటుంది.

తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఇంకా లోతుకు వెళ్లి, ఇష్టం ఎవరిదని అడిగే ఆ 'నేను' ఎవరో చూడమన్నారు. ఎవరి పెత్తనమూ ఒప్పుకోని మన చలం 1950లో అక్కడికే వెళ్లి 1979లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. అది లొంగిపోవడమా, వెతుకులాటలో ఇంకో అడుగా అని చదివినవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా సర్కిల్‌లో కూడా తేలలేదు.

బాధ్యత వేరు, నింద వేరు

ఈ పాఠంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మన గదుల్లో చాలా ఉన్నాయి. విజయానికి ఇన్ని మెట్లు, గెలుపుకు అన్ని సూత్రాలు. చదవండి. వాటిలో ఒక లోపం మాత్రం గమనించండి. నీ జీవితానికి నువ్వే వంద శాతం బాధ్యుడివి అంటాయి. కార్పొరేట్ కాలేజీలో ఏసీ గదిలో చదివిన పిల్లవాడికీ, లెక్కల మాస్టారు లేకుండానే పదో తరగతి పరీక్ష రాసిన పిల్లకూ ఒకే మాట చెబుతాయి. మార్కులు తక్కువొస్తే ఇద్దరిదీ ఒకే తప్పన్నట్టు.

పాతకాలంలో ఈ పని పూర్వజన్మ కర్మ చేసేది. నువ్వు పేదవాడిగా, అంటరానివాడిగా పుట్టడం నువ్వు చేసుకున్నదే అనేది. అంబేద్కర్ చనిపోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని ఆయన గట్టిగా తోసిపుచ్చారు. పేదల, అణగారినవాళ్ల స్థితికి తాము బాధ్యులం కామని రాజ్యం, సమాజం తప్పించుకోవడానికే అది పనికొస్తుందన్నారు. నీ బతుకుకు నువ్వే బాధ్యుడివి అన్న మాట ఎవరి నోటి నుంచి, ఎవరి లాభానికి వస్తోందో చూడమని దీనర్థం.

అలాగని రెండో వైపు గుంట కూడా ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అన్నీ బయటివాళ్ల మీదే పెట్టేయడం. లెక్కల మాస్టారు లేడు అన్నది నిజం. సెలవుల్లో సీనియర్ అన్న చెబుతానంటే మనం క్యారమ్స్ ఆడుతూ కూర్చోవడమూ నిజం. ఆత్మవిచారమంటే రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి, దేని వాటా ఎంతో నిజాయితీగా చెప్పుకోవడం. మాస్టారిని వేయమని అర్జీ రాసి పదిమందితో సంతకాలు పెట్టించడం ఒక బాధ్యత. అన్న దగ్గర కూర్చోవడం ఇంకో బాధ్యత. మొదటిది చేసినందుకు రెండోది మాఫీ కాదు, రెండోది చేసినందుకు మొదటిది మరిచిపోకూడదు. హాస్టల్ బాత్రూం తలుపు విరిగితే పద్దెనిమిది గదులవాళ్లమూ చూస్తాం, ఎవరూ చెప్పం. తిలా పాపం తలా పిడికెడు. బాగు చేయించడం ఆఫీసు పని, చెప్పడం మన పని.

పరీక్ష తప్పినవాళ్లకు ఒక మాట. తప్పిన రాత్రి మన లోపల మాట్లాడే గొంతు దాదాపు ఎప్పుడూ మనది కాదు. అది ఊరిది, చుట్టాలది, పక్కింటి మార్కులది. ఆ రాత్రి విచారణ పెట్టుకోవద్దు, ఎవరినైనా లేపి మాట్లాడండి. వార్డెన్ గారి తలుపైనా కొట్టండి. వాటాలు లెక్కేసుకోవడం తర్వాత సంగతి.

ఎలా చేయాలి?

దీనికి పెద్ద సాధన ఏమీ లేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు, ఒక పాత నోటుబుక్కు చాలు. ఒక నిర్ణయం తీసుకోండి, పెద్దది కానక్కర్లేదు. ఉదాహరణకు, ఇంటర్‌లో ఏ గ్రూపు. ఎంపీసీ తీసుకోవాలి అని రాశారనుకుందాం. దాని కింద, ఈ మాట మొదట ఎవరి నోట విన్నానో రాయండి. మామయ్య అన్నాడా, క్లాసులో అందరూ అంటున్నారా, ఇంజనీరు హీరోగా ఉన్న సినిమా చూశామా. ఎవరో అన్నంత మాత్రాన తప్పు కాదు, తెలియాలి అంతే. ఆ తర్వాత ప్రియదర్శిని తెరవండి: ఎవరూ నవ్వరు, ఎవరూ తిట్టరు అనుకుంటే నేను ఏది చదువుతాను? తర్వాత సత్యపీఠం ఎక్కండి: ఆ పని చేయకుండా నన్ను ఆపుతున్న భయం ఏది? ఫీజా, ఇంగ్లీషా, నాన్న కోపమా? భయం పేరు రాస్తే అది సగం చిన్నదవుతుంది. చివరికి, ఇది తప్పని తేలితే రెండేళ్లు మోసేది ఎవరని రాయండి. మామయ్య మోయడు. పెన్ను నా చేతిలో ఉండాలని అప్పుడు అర్థమవుతుంది.

పెద్దల మాట వినొద్దని ఎవరూ అపార్థం చేసుకోకండి. అడగడం వేరు, అప్పగించడం వేరు. అమ్మను అడగాలి, ఆమెకు ఇంటి అప్పు తెలుసు. టీచర్‌ను అడగాలి, ఆయనకు సబ్జెక్టు తెలుసు. చదివి ఉద్యోగం చేస్తున్న సీనియర్ అక్కను అడగాలి, ఆమెకు దారిలోని గుంతలు తెలుసు. ఎంత ఎక్కువమందిని అడిగితే అంత మంచిది. అంబేద్కర్ 21 ఏళ్లు అడుగుతూ, చదువుతూనే ఉన్నారు కదా. అడిగి వచ్చాక తలుపేసుకుని తేల్చుకోవాల్సింది మాత్రం మనమే. ముఖ్యంగా మన ఆడపిల్లలు. పెళ్లి మాట ఇంట్లో వచ్చినప్పుడు, మీ తరఫున అందరూ మాట్లాడేశాక చివర్లో 'నీకిష్టమేగా' అంటారు. ఆ ఒక్క క్షణంలో ఆలోచించుకోవడం ఎవరి వల్లా కాదు. నోటుబుక్కు ముందే నిండి ఉండాలి.

చర్చ కోసం

ఈ పాఠం చదివాక సర్కిల్‌లో కూర్చున్నప్పుడు కొన్ని ప్రశ్నలు తీసుకుందాం. కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేశాడు, అంబేద్కర్ లక్షలమందితో కలిసి దీక్ష తీసుకున్నారు. ఇద్దరూ మనిషి సొంత వివేకాన్నే నమ్మమన్నారు కదా, మరి ఒకరికి సంఘం అడ్డుగా, ఇంకొకరికి ఆయుధంగా ఎందుకు కనబడింది? మెస్ కమిటీ ఎన్నికల్లో మనం ఓటు వేసినప్పుడు ఎవరి గొంతు విన్నాం? 'మనకు రాదు' అని మనం అనుకునే వాటిలో, ఒక్కసారైనా ప్రయత్నించి చూసి తేల్చుకున్నవి ఎన్ని?

ఈ పాఠంలో ఒప్పుకోని వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీసి తెండి. కాలాములకు చెప్పిన పరీక్ష దీనికీ వర్తిస్తుంది.